మూడింటికే మెలకువ: ఆడవాళ్ల నిద్ర, మగవాళ్ల నిద్ర, వయసు

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం, బీచ్ రోడ్డుకి నడకకు వచ్చేవాళ్ల సమావేశంలో రిటైరైన ఒక వైద్యురాలు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో హోరు వస్తోంది. వద్దా? ఉక్కపోతా? సరే, ఉండనీ. నేనే గట్టిగా మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. ఇవాళ తెల్లవారుజామున నాలుగు కొట్టకముందే మెలకువ వచ్చినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, సగం మంది పైనే ఉన్నారు. వీళ్లలో అలారం పెట్టుకుని లేచినవాళ్లు దించేయండి. చూశారా, ఒక్క చెయ్యి కూడా దిగలేదు. ఇప్పుడు రెండో ప్రశ్న. రాత్రి పడుకున్నాక నిద్ర పట్టక గంటసేపు అటూ ఇటూ దొర్లినవాళ్లు? ఈసారి చేతులు ఎటువైపు ఎక్కువ లేచాయో మీరే చూడండి. ఆడవాళ్ల వైపు. మగవాళ్లలో ఇద్దరో ముగ్గురో. నేను ఇవాళ చెప్పబోయేది ఈ చేతుల లెక్క గురించే.

నలభై ఏళ్లు ఈ ఊళ్లో వైద్యం చేశాను. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి కళ్లు ఎర్రగా వచ్చినవాళ్లని చూశాను, హార్బరులో వేలం పాటకి రెండింటికే లేచి వెళ్లే అమ్మలని చూశాను. "ఏటోనమ్మా, తొంగున్నా నిద్దరోదు, ఒక మాత్తర రాయమ్మా" అనేవారు. మేం ఏమనేవాళ్లం? "వయసు కదమ్మా, అంతే." డాక్టర్లందరం అనేవాళ్లం. నేనూ అన్నాను, ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ "వయసు కదా" అనే మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం వెనకాల వైద్యం ఉన్న జబ్బులు దాక్కుంటాయి. ఏ సగం ఏది అన్నదే తెలుసుకోవాలి.

నిద్ర అంటే స్విచ్చి కట్టేసినట్టు కాదు. ముందు మాగన్నుగా పడుతుంది, తర్వాత కాస్త కుదురుకుంటుంది, ఆ తర్వాత ఒళ్లు తెలియని గాఢనిద్ర, ఆపైన కలల నిద్ర. ఈ చుట్టు దాదాపు గంటన్నర. రాత్రికి నాలుగైదు చుట్లు. అయితే ఈ చుట్లన్నీ ఒకేలా ఉండవు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. తెల్లవారుజామువి కలల చుట్లు. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు "అయ్యో, నిద్రంతా పోయింది" అనుకుంటారే, అప్పటికే గాఢనిద్రలో చాలా భాగం మీకు దక్కేసింది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మూడు గంటల టెన్షన్ సగం తగ్గుతుంది.

మరి నిద్రని పట్టించేది ఏమిటి? రెండు. ఒకటి ఆకలి లాంటిది. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ వస్తుంది, నిద్రాకలి పెరుగుతుంది. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అని మనవాళ్లు రెండింటినీ ఊరికే ఒకచోట కట్టలేదు. కాఫీ చేసే పని ఈ అడినోసిన్‌కి తలుపు వేయడమే. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే ఏమవుతుంది? సాయంత్రం ఆరింటికి పకోడీలు తిని, రాత్రి అన్నం సహించట్లేదన్నట్టే అవుతుంది. రెండోది గడియారం. మెదడు లోపల, కంటి నరాలు దాటుకునే చోటికి కొంచెం పైన, చిన్న కణాల గుంపు ఉంటుంది. అది వెలుతురుని చూసి టైము దిద్దుకుంటుంది. ఈ గడియారం కణంలో ఎలా తిరుగుతుందో ఈగల మీద పరిశోధన చేసి కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ వచ్చింది.

ఈ విషయంలో మన ఊరికి ఒక అదృష్టం ఉంది. దేశం మొత్తం టైముకి లెక్కగా పెట్టుకున్న రేఖ మన పక్కన కాకినాడ దగ్గర నుంచి పోతుంది. అంటే మన గోడ గడియారం, మన సూర్యుడు దాదాపు ఒకే టైము చెబుతాయి. ద్వారకలో ఉన్నవాళ్లకి సూర్యుడు గడియారం కంటే సుమారు గంట వెనకాల నడుస్తాడు. మనకి జూన్‌లో 5:20 ప్రాంతంలోనే సముద్రం మీద పొద్దు పొడుస్తుంది. అందుకే వేసవిలో దేశానికి పడమటి వైపు నుంచి వచ్చిన చుట్టాలు "ఇదేంటి, మీకు ఇంత పొద్దున్నే తెల్లారిపోతుందా" అంటారు.

వయసుకీ గడియారానికీ సంబంధం గురించి నాకు భలే ఇష్టమైన కథ ఒకటుంది. నథానియెల్ క్లైట్‌మన్ అని షికాగో ప్రొఫెసరు. 1938లో రిచర్డ్‌సన్ అనే కుర్ర శిష్యుణ్ణి వెంటబెట్టుకుని కెంటకీలో మామత్ కేవ్ అనే గుహలోకి దిగాడు. 32 రోజులు ఉన్నారు. లోపల ఎండ లేదు, చప్పుడు లేదు. రోజుకి 24 గంటలు కాదు, 28 గంటలు అనుకుని బతికి చూద్దామని వాళ్ల ప్రయోగం. కుర్రాడు వారంలో అలవాటు పడిపోయాడు. నలభై మూడేళ్ల గురువుగారికి మాత్రం చివరిదాకా కుదరలేదు. ఆయన ఒంట్లోని గడియారం 24 దగ్గరే పట్టుబట్టి కూర్చుంది. ఇద్దరు మనుషుల్ని చూసి సిద్ధాంతం చెప్పకూడదు, ఒప్పుకుంటాను. కానీ మీ అబ్బాయి అమెరికా నుంచి దిగిన మూడో రోజుకే మామూలైపోతాడు, మీరు అక్కణ్ణుంచి వచ్చి పది రోజులు జాగారం చేస్తారు. అవునా కాదా? ఆ క్లైట్‌మనే 1953లో అసెరిన్స్కీ అనే విద్యార్థితో కలిసి కలల నిద్రలో కళ్లు కదులుతాయని లోకానికి చెప్పాడు. ఆయన 104 ఏళ్లు బతికాడు.

ఇప్పుడు వయసులవారీగా చూద్దాం. పసిపిల్లలు రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతారు, అందులో సగం కలల నిద్రే. దాని గురించి ఇక్కడున్న నాన్నమ్మలకి, అమ్మమ్మలకి నేను చెప్పేదేమీ లేదు. నేను మాట్లాడాల్సింది ఇంటర్ చదివే మనవడి గురించి. "రాత్రి పన్నెండైనా పడుకోడు, పొద్దున లేపితే లేవడు, బద్ధకం." అది బద్ధకం కాదండీ. యవ్వనం వచ్చేటప్పుడు ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది. 2004లో జర్మనీలో రోనెబర్గ్ అనే ఆయన బృందం వేలమంది నిద్రవేళలు లెక్కగట్టింది. వయసుతోపాటు నిద్రవేళ ఆలస్యమవుతూ అవుతూ ఆడపిల్లల్లో పందొమ్మిదిన్నర ఏళ్ల దగ్గర, మగపిల్లల్లో ఇరవై ఒకటి దగ్గర శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి మళ్లీ ముందుకి జరుగుతుంది. ఆడపిల్లలు ముందు ఎక్కి, ముందు దిగుతారు. మగవాళ్లు యాభై దాకా ఆడవాళ్ల కంటే ఆలస్యపు మనుషులే. యాభై దగ్గర ఆ తేడా చెరిగిపోతుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే, ఈ వయసు పిల్లలకి బడి 8:30కి ముందు పెట్టకండని చెప్పింది. మనం అయిదింటికి స్టడీ అవర్ పెడతాం. వద్దులెండి, అది మొదలెడితే ఈ పూట తెమలదు.

సరే, మగవాళ్ల సంగతి. మీ సంగతేనండీ, నవ్వకండి. 2000లో వాన్ కాటర్ అనే శాస్త్రవేత్త వాళ్లు ఆరోగ్యంగా ఉన్న 149 మంది మగవాళ్లని, పదహారేళ్ల కుర్రాడి నుంచి ఎనభై మూడేళ్ల పెద్దాయన దాకా, పడుకోబెట్టి చూశారు. పాతికేళ్ల లోపువాళ్ల నిద్రలో గాఢనిద్ర దాదాపు 19 శాతం ఉంది. ముప్పై ఆరు నుంచి యాభై మధ్యవాళ్లలో ఎంత అనుకుంటున్నారు? మూడున్నర శాతం కూడా లేదు. చూడండి, అరవైల్లో కాదు, డెబ్బైల్లో కాదు. బ్యాంకు లోను ఇంకా తీరని వయసులోనే మగవాడి గాఢనిద్ర చాలావరకు వెళ్లిపోయింది. మరి ఎవరైనా వచ్చి "డాక్టరుగారూ, నా గాఢనిద్ర పోయింది" అన్నారా? ఒక్కరూ అనలేదు. వాళ్లకి తెలియదు. "నాకేం, దిండు మీద తల పెడితే చాలు" అంటారు.

ఆడవాళ్లలో సరిగ్గా తిరగబడి ఉంటుంది. మెషీన్ పెట్టి చూస్తే అదే వయసు మగవాళ్ల కంటే ఆడవాళ్లకే గాఢనిద్ర ఎక్కువ, వయసు మీద పడ్డా బాగా నిలుస్తుంది. కానీ నిద్ర పట్టట్లేదని చెప్పేవాళ్లు ఎవరు? ఆడవాళ్లే. చాలా దేశాల లెక్కలు కలిపి చూస్తే నిద్రలేమి మగవాళ్ల కంటే ఆడవాళ్లలో 1.4 రెట్లు ఎక్కువ. మెషీన్ బాగుందంటోంది, మనిషి బాగాలేదంటోంది. ఎవరిని నమ్మాలి?

నేను మనిషినే నమ్ముతాను. మెషీన్ పెట్టేది లేబొరేటరీలో. అక్కడ పక్కన చంటిపిల్లాడు ఏడవడు, అత్తగారు దగ్గరు, పాలపాకెట్ల కుర్రాడు బెల్లు కొట్టడు. 2019లో మన కేంద్ర ప్రభుత్వం దేశమంతా టైము లెక్క తీసింది, ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారని. ఇంటి పని చేసేవాళ్లని తీసుకుంటే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97. ఆ రెండు వందల నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? రోజుకి రెండు చివరలే కదా. రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు కొంత, పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టేటప్పుడు కొంత. ఇరవై ఏళ్లు ఒక చెవి తెరిచిపెట్టుకుని పడుకున్న మనిషికి, పిల్లలు పెద్దవాళ్లై హైదరాబాదో బెంగళూరో పోయాక కూడా ఆ చెవి మూసుకోదు. ఇది నా అనుభవంతో అంటున్న మాట, ఏ మెషీనూ చెప్పింది కాదు.

దీనికి తోడు ఒళ్లు. నెలసరికి ముందు కలత నిద్ర. కడుపుతో ఉన్నప్పుడు మొదటి నెలల్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను వల్ల ఎక్కడ కూర్చుంటే అక్కడ జోగడం, చివరి నెలల్లో ఎటు తిరిగినా కుదరకపోవడం. ఇంకొకటి ఉంది. హార్బరు దగ్గర చేపలమ్మే ఒకామె వచ్చేది. ఎనిమిదింటికే నడుం వాల్చాలి, రెండింటికి లేవాలి. "పడుకుంటే కాళ్లు లాగేస్తన్నాయమ్మా, లోపల చీమలు పాకినట్టు. లేచి నడిస్తే తగ్గద్ది. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే." నేను మొదటి రెండుసార్లు బలం మాత్రలు రాసి పంపేశాను. మూడోసారి ఆమె కుర్చీలో కూర్చుని కూడా పాదాలు నేలకేసి రుద్దుకోవడం చూశాను. అప్పుడు వెలిగింది. కాళ్ల కుదురులేమి జబ్బు. పేరు వింటే నవ్వొస్తుంది గానీ జబ్బు నిజం. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో సుమారు రెట్టింపు. పెద్ద కారణం ఒంట్లో ఇనుము తగ్గడం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత, మగవాళ్లలో 25 శాతానికి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ అనే నిల్వ తక్కువ ఉండొచ్చు, కాబట్టి అది కూడా చూపించుకోవాలి. ఆమెకి ఐరన్ ఇచ్చాక రెండు నెలలకి కాళ్లు కుదురుకున్నాయి. నిద్రమాత్ర రాసి ఉంటే? కాళ్లు లాగుతూనే ఉండేవి, పైగా పొద్దున మత్తు.

ఇక నెలసరి ఆగిపోయే వయసు. ఈ మాట మైకులో అనొచ్చా అని చూస్తున్నారు కొందరు. అనొచ్చు, అనాలి. అర్ధరాత్రి ఒక్కసారిగా లోపల్నుంచి ఆవిర్లు, జాకెట్టు తడిసిపోవడం, ఫ్యాను అయిదు మీద పెట్టడం, పక్కన ఆయన చలేసి దుప్పటి లాక్కోవడం. పది నిమిషాలకి ఈమెకే చలి. మన ఊరి ఉక్కలో ఆవిర్లని గుర్తుపట్టడం కూడా కష్టం. "వైజాగు కదా, చెమట పట్టదా" అనేస్తారు. జనవరిలో కూడా అలా పడితే అది వైజాగు కాదమ్మా. దానికి మందులున్నాయి, డాక్టరుని అడగండి.

ఈ వయసులోనే ఇంకో మార్పు జరుగుతుంది, ఎవరూ చెప్పనిది. గుర్రు. గుర్రు అనగానే అందరూ మగవాళ్లని చూస్తారు. నిజమే, 1993లో అమెరికాలో విస్కాన్సిన్‌లో 30 నుంచి 60 ఏళ్లవాళ్లని చూస్తే, నిద్రలో గంటకి కనీసం అయిదుసార్లు ఊపిరికి అడ్డుపడేవాళ్లు మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. గొంతు కండరాలు సడలి దారి మూసుకుంటుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఆ లేవడం మనిషికి గుర్తుండదు. ప్రొజెస్టిరాన్ ఊపిరిని ప్రోత్సహించే హార్మోను. నెలసరి ఆగాక ఆ కాపలా పోతుంది. అక్కణ్ణుంచి ఆడవాళ్లు మగవాళ్లకి దగ్గరగా వచ్చేస్తారు.

ఒక దంపతులు వచ్చారు నా దగ్గరికి. ఆవిడ ఫిర్యాదు, ఆయన గుర్రుకి నిద్ర లేదని. అరవై దాటినవాళ్లే ఇద్దరూ. ఆయనకి పరీక్ష రాస్తే, ఆయన కాస్త పెంకి మనిషి, "ఇద్దరికీ చెయ్యండి, లేకపోతే నేను చేయించుకోను" అన్నాడు. సరే అన్నాను, గొడవ ఎందుకని. ఫలితాలొచ్చాయి. ఆయనది ఉత్త చప్పుడు. ఊపిరి ఆగుతున్నది ఆవిడకి! ఆవిడ గుర్రు పెట్టదు, పెట్టినా చిన్నగా. మరి ఆవిడ బాధలేమిటి? పొద్దున లేస్తే తలనొప్పి, రోజంతా నీరసం, రాత్రి నాలుగైదుసార్లు మెలకువ. ఆవిడకి అప్పటికి మూడేళ్లుగా నీరసానికి విటమిన్లు, దిగులుకి మాత్రలు ఇస్తున్నాం. ఇస్తున్నాం అన్నాను, గమనించారా. అందులో నా చీటీలూ ఉన్నాయి. ముక్కుకి మాస్కు తగిలించి గాలి పంపే మెషీను ఉంటుంది, 1981లో ఆస్ట్రేలియాలో సలివన్ అనే డాక్టరు మొదలుపెట్టింది. అది వాడాక ఆవిడ తలనొప్పి పోయింది. మొదటి వారం మాత్రం "ఏనుగు తొండంలా ఉంది, మీరే పెట్టుకోండి" అని నన్ను తిట్టింది.

మగవాళ్లకి వేరుగా రెండు మాటలు. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూముకి లేస్తుంటే ప్రొస్టేటు చూపించుకోండి, షుగరు చూపించుకోండి. ఇది మీకు తెలిసిందే. తెలియనిది ఇంకొకటి. కలల నిద్రలో మామూలుగా ఒంట్లో కండరాలన్నీ సడలిపోయి ఉంటాయి, ఒళ్లు కదలదు. కొందరికి ఆ తాళం ఊడిపోతుంది. కలలో దొంగని తన్నితే నిజంగా భార్యని తన్నుతారు, అరుస్తారు, మంచం మీంచి పడతారు. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. దీన్ని "పీడకలలు" అని వదిలేయకండి, దిష్టి తీయించి ఊరుకోకండి. కొంతమందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు రావడానికి ఇది తొలి గుర్తు అవుతుంది. నరాల డాక్టరుకి చూపించండి.

ఇక మొదట చేతులెత్తారే, ఆ మూడింటి మెలకువ. అది చాలావరకు వయసుదే. పెద్దతనంలో గడియారం ముందుకి జరుగుతుంది, నిద్ర తేలికవుతుంది, చిన్న చప్పుడికి తెగుతుంది. కంట్లో కటకం పసుపెక్కి, పగటి వెలుతురులో నీలి భాగం లోపలికి సరిగా పోదు. గడియారానికి కావలసింది ముఖ్యంగా ఆ నీలిదే. పొద్దున్నే బీచిలో నడిచే మీకు ఆ వెలుతురు దండిగా దొరుకుతుంది. కానీ ఇప్పటికే మరీ ముందు లేస్తున్నవాళ్లు సాయంత్రం నడక కూడా పెట్టుకోండి. సాయంత్రం వెలుతురు గడియారాన్ని కొంచెం వెనక్కి లాగుతుంది.

లెక్క కూడా వేసుకోండి. ఒక పెద్దాయన సీరియలు ముందు కుర్చీలో ఎనిమిదింటికే కునుకు తీస్తాడు. తొమ్మిదింటికి మంచం ఎక్కుతాడు. మూడింటికి లేచి, వంటింట్లో లైటు వేసి, డికాక్షన్ వేస్తాడు. స్టీలు గ్లాసు చప్పుడికి, పదకొండున్నరకి పడుకున్న ఆవిడ లేచిపోతుంది. ఆయన నిద్ర ఎన్ని గంటలు? ఏడు! అరవై అయిదు దాటినవాళ్లకి ఏడెనిమిది గంటలు చాలు. ఆయనకి ఏ జబ్బూ లేదు. ఆవిడకి మూడున్నర గంటలు. నా దగ్గరికి నిద్రమాత్ర కోసం వచ్చింది మాత్రం ఆయన.

మాత్రల సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మకి డెబ్బై ఎనిమిదో ఏట నిద్ర పట్టట్లేదంటే ఆల్ప్రజోలం రాసిచ్చాను. చిన్న డోసే. రాసింది ఇంకెవరో కాదు, నేనే. నెల తిరక్కముందే ఒక రాత్రి బాత్రూముకి లేచి, మత్తులో గడప తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత అమ్మ మునుపటిలా నడవలేదు. పెద్దవాళ్లకి ఈ మాత్రలు వద్దని పుస్తకాల్లో ఉంది. నేను చదివాను కూడా. అమ్మ మూడు రాత్రులు వరుసగా అడిగేసరికి రాసేశాను. ఇప్పటికే ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఇది విని ఇవాళే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోవాలి.

మాత్ర లేకుండా చేసే వైద్యం ఉంది, అమెరికా ఫిజీషియన్ల సంఘం 2016లో ముందు దాన్నే ఇవ్వమని చెప్పింది. వినడానికి వింతగా ఉంటుంది. నిద్ర పట్టనివాళ్లని మంచం మీద ఎక్కువసేపు ఉండనివ్వరు. అయిదున్నర గంటలే నిద్ర పడుతోందా, అయితే పన్నెండు దాకా మంచం ఎక్కకు, అయిదున్నరకి లే. నిద్రాకలి పేరుకుంటుంది, పడుకున్న సమయంలో గట్టిగా పడుతుంది. అప్పుడు పావుగంట పావుగంట చొప్పున పెంచుతారు. తెలిసినవాళ్ల దగ్గర చేయాలి. మూర్ఛ ఉన్నవాళ్లు, బండి నడిపి బతికేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకండి. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి. ఫోను తీసుకెళ్లకండి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు మూడున్నరకి వస్తుంటే పంపుతున్నది ఎవరో నాకు తెలుసు, ఈ హాల్లోనే ఉన్నారు.

టైము దాటిపోయింది, వంటకి వెళ్లాల్సినవాళ్లు అప్పుడే బయటికి చూస్తున్నారు. ప్రశ్నలు అడగండి. ముందు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు. ఆ మూల ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడకి మైకు ఇవ్వండి, పాపం ఆవిడ ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తే ఉంచింది.